ఆరో నిమిషం

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. అందుకే మా అమ్మా నాన్నా కలిసి నాకు అబద్ధం చెప్పారు, నేను అరుస్తానని భయపడి. ఇది చెబుతుంటే ఇప్పటికీ నాకు వాళ్ళ మీద కోపం వస్తోంది. నా మీద నాకు అంతకు రెట్టింపు వస్తోంది. సరే, వరుసగా చెబుతాను.

పోయిన ఏడాది నేను ప్రాజెక్టులో తప్పాను. చివరి రోజు దాకా బద్ధకించి, పద్నాలుగు రోజుల రీడింగులు ఒక్క మధ్యాహ్నం కూర్చుని వండేశాను. కొలవకుండా ఊహించి రాసే అంకెలను మా డిప్లొమా కాలేజీలో వండిన రీడింగులు అంటారు. వాటిని పట్టుకోవడంలో మా ప్రాజెక్టు మాస్టారు దిట్ట. ఆయన్ని పిల్లలందరం దశాంశం సార్ అంటాం. పాయింటు తర్వాత రెండు అంకెలు లేకపోతే కాగితం ముట్టుకోరు మరి. ఆయన నా పుస్తకం రెండు పేజీలు తిప్పి, "ఇంత చక్కగా ఏ యంత్రమూ పనిచేయదమ్మా. ఉప్పు సరిపోయిందో లేదో చూసుకున్నావా?" అన్నారు. క్లాసంతా విరగబడి నవ్వింది. ఆ ఏడాది అలా పోయింది. ఇంకొక్క అవకాశమే ఇచ్చారు. ఇదీ పోతే నా డిప్లొమా గంగలో కలిసినట్టే.

ఈసారి నేను ఎంచుకున్నది మనిషి కాలితో వెలిగే దీపాలు. సైకిలు వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీద ఎత్తి, టైరుకు ఒక పాత మోటారు ఇరుసును ఆనించి బిగించాను. కరెంటిస్తే తిరిగేది మోటారు. అదే మోటారును మనం తిప్పితే కరెంటిస్తుంది. ఆ కరెంటు వెనక్కి పోకుండా మధ్యలో ఒక డయోడు, వెలుగు మరీ వణకకుండా ఒక కెపాసిటరు, చివర పన్నెండు చిన్న ఎల్‌ఈడీ బల్బులు. బ్యాటరీ ఉండకూడదు. కాలు ఆగితే దీపం ఆరిపోవాలి. దశాంశం సార్ పెట్టిన షరతు ఒకటే. "పద్నాలుగు రోజులు, రోజుకు పది నిమిషాలు, నిమిషానికో రీడింగు. తొక్కే మనిషి మాత్రం ఒక్కరే ఉండాలి. మనిషి మారితే లెక్కంతా మారిపోతుంది."

ఆ మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మా నాన్న బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్ళుగా తోలుతున్నాడు. నాలుగు నెలల కిందట బస్సు దిగుతూ కాలు జారి ఎడమ మోకాలు చెడగొట్టుకున్నాడు. కాలు మళ్ళీ సాగాలంటే రోజూ సైకిలు తొక్కమన్నాడు ఎముకల డాక్టరు. త్వరలోనే ఫిట్‌నెస్ పరీక్ష. అది పాసైతే మళ్ళీ స్టీరింగు ముందు కూర్చోవచ్చు. లేకపోతే డిపో గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చే పోయే బస్సుల నంబర్లు రాసుకునే పని. "దానికంటే నన్ను కూడా ఒక మేకు కొట్టి గోడకి తగిలించండి" అనేవాడు నాన్న. నవ్వుతూనే అనేవాడు గానీ, గేటు మాట వస్తే ఆ పూట సరిగ్గా తినేవాడు కాదు.

సైకిలు వరండాలో పెట్టాం. బల్బులు మాత్రం సామాన్ల గదిలో బిగించాను. దానికి కిటికీ లేదు, పగలైనా చీకటిగా ఉంటుంది, వెలుగు తేడా బాగా తెలుస్తుంది. వెంటిలేటరులోంచి వైరు లాగాను. ఉదయం ఏడింటికి నేను గదిలో తలుపేసుకుని, కాలేజీ నుంచి తెచ్చిన రెండు ముల్లు మీటర్ల ముందు గడియారం పట్టుకుని కూర్చునేదాన్ని. "కానీ నాన్నా!" అని అరిచేదాన్ని. వరండాలోంచి "రైట్ రైట్!" అని వినబడేది. మరుక్షణం నా మొహం మీద వెలుగు పడేది.

మొదటి రోజు ఆ పన్నెండు బల్బులూ ఒక్కసారి వెలిగినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ముల్లు పన్నెండు వోల్టుల దగ్గర నిలబడింది. రెండు మీటర్ల అంకెలూ గుణిస్తే ఇరవై నాలుగు వాట్లు, పైన కొంచెం. ఇంకో సంగతి కూడా చూశాను. నాన్న ఎడమ కాలికి బలం తక్కువ కదా, అందుకని పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ముల్లు ఒకసారి కొంచెం కిందికి దిగి లేచేది. ఆ మాట కూడా పుస్తకంలో పక్కన రాశాను: "చుట్టుకొకసారి ముల్లు దిగుతోంది. ఎడమ మోకాలు." వండిన రీడింగుల్లో ఇలాంటివి ఉండవు. రోజూ రాశాను. కాస్త గర్వపడ్డాను కూడా.

ఐదు రోజులు ఏ గొడవా లేదు. ఆరో రోజు ఆరో నిమిషంలో ముల్లు జారింది. ఇరవై ఒకటి పాయింట్ నాలుగు సున్నా వాట్లు. ఏడో రోజు కూడా సరిగ్గా ఆరో నిమిషంలోనే, ఈసారి పద్దెనిమిదికి. ఎనిమిదో రోజు ఐదో నిమిషానికే బల్బులు మసకబారి, చివరికి గదిలో నా చేతిరాత నాకే కనబడలేదు.

"నాన్నా, టైరు జారుతోందా?" అని గట్టిగా అరిచాను.

"ఏమోనమ్మా, నేను తొక్కుతూనే ఉన్నా" అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది. మధ్యలో గోడ ఉంది కదా అనుకున్నాను.

ఆ మూడు రోజులూ నేను మనిషిని కాదు. టైరు జారుతోందేమోనని ఇరుసుకు రబ్బరు పట్టీ చుట్టాను. డయోడు వేడెక్కుతోందేమోనని డయోడు మార్చాను. అతుకులన్నీ ఊడదీసి మళ్ళీ సోల్డరింగు చేశాను, బొటనవేలు కాల్చుకున్నాను. ఏం చేసినా అంతే. దశాంశం సార్ ఆ పేజీలు తిప్పుతున్నట్టు, క్లాసంతా నవ్వుతున్నట్టు కళ్ళు మూసుకుంటే అదే. ఎనిమిదో రోజు నేను సర్క్యూటు ముందు వేసుకుని కూర్చుంటే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మ ఇస్త్రీ దుకాణంలో పనిచేస్తుంది, పొద్దున్నే వెళ్ళాలి, అయినా కదలకుండా నిలబడింది.

"ఏమే, మీ నాన్నకి..." అని మొదలుపెట్టింది.

"అమ్మా! నీకు దండం పెడతా, ఇప్పుడు నాతో మాట్లాడకు!" అన్నాను. అన్నానంటే ఒంటికాలి మీద లేచాను. అమ్మ చెప్పులేసుకుని దుకాణానికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు పదో నిమిషం దాకా ముల్లు చెక్కుచెదరలేదు. ఇరవై నాలుగు పాయింట్ ఒకటి సున్నా. పదో రోజు ఇంకాస్త ఎక్కువే వచ్చింది. నేను గదిలోనే గెంతాను. ముల్లు ఊగడం కూడా పోయింది, గీత గీసినట్టు నిలబడింది. డయోడే దొంగ, దొరికింది అనుకున్నాను. బయటికొచ్చి చూస్తే నాన్న సైకిలు సీటు మీద కూర్చుని ఒక కాలు నేల మీద ఆనించి మొహం తుడుచుకుంటున్నాడు. పక్కన అమ్మ గటగటా నీళ్ళు తాగుతోంది. "చూశారా నా పనితనం!" అన్నాను. "చూశాం చూశాం" అంది అమ్మ ఆయాసపడుతూ. అప్పుడైనా ఈ మట్టిబుర్రకు వెలగలేదు.

ఆ మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని దశాంశం సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అంకెల మీద వేలు పెట్టుకుంటూ వచ్చి, తొమ్మిదో పేజీ దగ్గర ఆగారు. వెనక్కి తిప్పారు. మళ్ళీ ముందుకు తిప్పారు.

"ఎడమ కాలు ఏమైంది?" అన్నారు.

"సార్?"

"ఎనిమిదో రోజు దాకా ప్రతి పేజీలో రాశావు, ముల్లు దిగుతోంది, ఎడమ మోకాలు అని. తొమ్మిదో రోజు నుంచి ఆ మాటే లేదు. మోకాలు ఒక్క పూటలో బాగుపడిందా?"

"డయోడు మార్చాను సార్."

"డయోడు మారిస్తే మోకాళ్ళు బాగవుతాయా? అయితే నాకూ రెండు తెచ్చిపెట్టు" అన్నారు. కానీ నవ్వలేదు. కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "మళ్ళీ వండుతున్నావా అమ్మా?"

"ఒట్టు సార్, మీటరు చూపించిందే రాశాను" అన్నాను.

"నువ్వు వండకపోతే ఎవరో ఏదో చేస్తున్నారు. రేపు జాగ్రత్తగా చూసుకో" అని పుస్తకం ఇచ్చేశారు.

దారి పొడుగునా లెక్కలు వేసుకుంటూ వచ్చాను. ఈ రెండు రోజులూ కొట్టేస్తే మిగిలేవి ఎనిమిది. గడువు ఇంకా పది రోజులు ఉంది. ఇంకో ఆరు రోజులు సరిగ్గా తొక్కితే చాలు, బయటపడతాను. ఆరంటే ఆరు. ఇంటికి వెళ్ళి ఎవరితోనూ ఏమీ అనలేదు. నాకు తెలియని ఏదో తప్పు ఇంకా సర్క్యూటులోనే ఉందనుకుంటూ, కొత్త డయోడును కూడా అనుమానంగా చూస్తూ కూర్చున్నాను.

పదకొండో రోజు ఉదయం "కానీ నాన్నా!" అన్నాను. "రైట్ రైట్!" అన్నాడు. బల్బులు వెలిగాయి. నేను అంకె వదిలేసి ముల్లునే చూశాను. చుట్టుకొకసారి దిగాలి. దిగడం లేదు. ఆరో నిమిషం కూడా దాటింది, అది అలాగే నిలబడి ఉంది. "బాగానే ఉందా నాన్నా?" అని కేకేశాను. "భేషుగ్గా ఉంది!" అన్నాడు. గడియారం కింద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు తీసి వరండాలోకి వెళ్ళాను.

సైకిలు తొక్కుతున్నది అమ్మ. చెప్పులు విడిచేసి, జుట్టు ముడేసుకుని, పళ్ళు బిగించి తొక్కుతోంది. నాన్న పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని నా గది వైపు మొహం పెట్టి ఉన్నాడు. గొంతు ఆయనది, కాళ్ళు ఆవిడవి. నన్ను చూడగానే నాన్న తల దించుకున్నాడు. అమ్మ మాత్రం తొక్కడం ఆపలేదు.

"ఏంటిది?" అన్నాను.

"ఆపితే నీ బల్బులు ఆరిపోతాయి కదే" అంది అమ్మ.

నేను అరిచాను. ఏమేం అన్నానో చెప్పుకోవడం కూడా సిగ్గుచేటు. నా ఏడాది, నా పుస్తకం, నా పరువు, నన్ను మళ్ళీ దొంగను చేశారు, ఇలాంటివన్నీ. అమ్మ దిగి నిలబడింది. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు నాన్న మెల్లగా అన్నాడు.

"ఐదారు నిమిషాలు తొక్కేసరికి ఊపిరి అందటం లేదమ్మా. ఇక్కడ" అని ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకున్నాడు, "ఎవరో కూర్చున్నట్టు ఉంటోంది. దిగి కూర్చుంటే అదే తగ్గిపోతోంది. నీ నంబర్లు పడిపోతున్నాయి, నువ్వేమో ఆ వైర్లతో పొద్దస్తమానం కుస్తీ పడుతున్నావు. అందుకని మీ అమ్మని ఎక్కమన్నా."

మూడు రోజులు. మూడు రోజులు మా నాన్న ఊపిరి తగ్గిపోవడాన్ని నేను రెండు దశాంశాలతో సహా రాసుకుని, డయోడు మార్చాను.

"ఆ రోజే చెప్పబోయాను. మాట్లాడకు అన్నావు" అంది అమ్మ.

అన్నాను. కాదనడానికి ఏముంది?

"పద నాన్నా, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం" అన్నాను.

"రేపు డాక్టరు దగ్గరికే కదా వెళ్ళేది" అన్నాడు. మర్నాడే ఫిట్‌నెస్ పరీక్ష. "కళ్ళు చూస్తారు, మోకాలు చూస్తారు, బీపీ చూస్తారు. ఆరు నిమిషాలు సైకిలు తొక్కమని ఎవరూ అనరు. నాలుగు నెలలు కూర్చుని తిన్న ఒళ్ళు, సీటెక్కితే అదే సర్దుకుంటుంది. నువ్వు ఆ పుస్తకం మాత్రం ఎవరికీ చూపించకు."

"నాన్నా, నీ వెనక యాభై మంది కూర్చుంటారు."

"ఇరవై ఆరేళ్ళలో ఒక్కళ్ళకి చిన్న గీత పడనివ్వలేదు. అది నాకు తెలియదా?" అన్నాడు. తర్వాత ఒక్కసారిగా లేచి, "నీ రీడింగులు పాడుచేశాం, అదేగా నీ బాధ? జరుగు. నేనే తొక్కుతా" అంటూ సైకిలు ఎక్కేశాడు.

వద్దు వద్దంటున్నా వినలేదు. సామాన్ల గది తలుపు తెరిచే ఉంది, లోపలి వెలుగు కనబడుతోంది. చుట్టుకొకసారి తగ్గుతూ, లేస్తూ ఉంది. అదే ఎడమ కాలు. ఒక నిమిషం అలాగే వెలిగింది. రెండో నిమిషానికి వెలుగు పల్చబడింది, నాన్న నోటితో గాలి పీల్చుకుంటున్న చప్పుడు వినబడింది. పెదవులు నల్లబడ్డాయి. "ఆపు నాన్నా" అన్నాను. ఆపలేదు. "ఏవండీ" అంది అమ్మ. ఆపలేదు. నేను వెళ్ళి హ్యాండిలు మీద బ్రేకు నొక్కిపట్టాను. చక్రం కీచుమని ఆగింది. గది చీకటైపోయింది.

"బండి నడిపేవాడుండగా బ్రేకు ఇంకొకళ్ళు పట్టుకుంటారా?" అన్నాడు నాన్న. అంత కోపంగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ రోజంతా అసలు మాట్లాడనే లేదు.

సాయంత్రం అమ్మ బట్టలు మడతపెడుతూ, "ఆ పుస్తకం చూపిస్తే మనిషి కుంగిపోతాడే" అంది.

"చూపించకపోతే?"

అమ్మ మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

మర్నాడు నేను కూడా నాన్నతో వెళ్ళాను. మోకాలు కదా, తోడు కావాలని అమ్మ చెప్పింది. డిపో ఆఫీసు వసారాలో బెంచీల మీద డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. "ఏం గురూ, ఇక విశ్రాంతి చాలు, నీ రూటు నీకోసం ఏడుస్తోంది" అని ఒకాయన నాన్న భుజం మీద చరిచాడు. నాన్న మొహం వెలిగిపోయింది. నా సంచీలో ఉన్నది పుస్తకం ఒక్కటే అయినా ఇటుకంత బరువుగా ఉంది. చూపించవద్దు అని ఒక నిమిషం, చూపించాలి అని ఒక నిమిషం.

లోపల డాక్టరమ్మ కళ్ళు చూసింది. మోకాలు వంచి చాపి చూసింది. బీపీ చూసింది. వీపు మీద, ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నది. "ఆయాసం గానీ, ఛాతీలో నొప్పి గానీ ఏమైనా వస్తోందా?" అని అడిగింది.

"అలాంటివేం లేవండి" అన్నాడు నాన్న.

ఆవిడ కలం తీసింది. కాగితం దగ్గరికి జరుపుకుంది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. నాన్నకు సీటు వస్తుంది. నాకు కావలసిన ఆరు రోజులూ ఎలా వండాలో కూడా ఇప్పుడు బాగా తెలుసు. ఎడమ మోకాలు అని పక్కన రాస్తే దశాంశం సార్ కూడా నమ్ముతారు. సంచీలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది నా ప్రాజెక్టు పుస్తకమండి. సైకిలు తొక్కితే దీపాలు వెలుగుతాయి, ఆ వెలుగు నిమిషానికి ఎంత ఉందో రాశాను. తొక్కింది మా నాన్న. ఒక్కసారి ఆరో రోజు నుంచి చూడండి" అన్నాను.

నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

డాక్టరమ్మ మొదట విసుగ్గానే తిప్పింది. తర్వాత వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. "ఆరో నిమిషం. ఇక్కడా ఆరో నిమిషం. ఇక్కడ ఐదుకే." తలెత్తింది. "మరి తర్వాత రెండు రోజులు బాగానే ఉందే?"

"అది మా అమ్మండి."

ఆవిడకు నవ్వు రాబోయి ఆగిపోయింది. కలం మూత పెట్టేసింది. నర్సును పిలిచి నాన్నను బల్ల మీద పడుకోబెట్టించి, ఛాతీకి వైర్లు తగిలించింది. యంత్రంలోంచి కాగితం బయటికి వస్తుంటే నేను నాన్న పాదాల దగ్గర నిలబడి ఆవిడ మొహమే చూశాను. ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చూసింది.

"గుండెకు రక్తం సరిగ్గా అందటం లేదు. ఈరోజే, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. చీటీ రాసిస్తాను" అంది. తర్వాత కొంచెం మెల్లగా, "బస్సు సంగతి ఇక మర్చిపోండి. ఈ జబ్బుతో ఆ సీటు ఇవ్వరు" అంది. నా వైపు తిరిగి, "మంచి పని చేశావమ్మా" అని కూడా అంది. నాకు మాత్రం మా నాన్న సీటును నా చేతులతోనే లాగేసినట్టు ఉంది. ఇక జన్మలో ఆయన నాతో మాట్లాడడనుకున్నాను.

నాన్న లేచి కూర్చున్నాడు. వైర్లు తీసిన చోట ఎర్రటి గుండ్రటి మచ్చలు పడ్డాయి.

"డాక్టరుగారూ, ఒక్క మాటండి" అన్నాడు. "మా అమ్మాయికి ఇంకా ఆరు రోజుల రీడింగులు కావాలి. తొక్కే మనిషి మారకూడదట. ఒకేసారి కాకుండా, ఐదు నిమిషాలు తొక్కి దిగి, కాసేపు కూర్చుని, మళ్ళీ ఐదు నిమిషాలు తొక్కితే కుదరదా?"

"ఆ సైకిలు దగ్గరికి కూడా వెళ్ళకూడదు" అంది ఆవిడ.

నాన్న చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ నా వైపు తిరిగాడు.

"మరి ఎలాగమ్మా?" అన్నాడు.